గొడుగు కాదు మహాప్రభో, గరాటు!

ముందే చెప్పేస్తున్నా. ఇది చదివాక, ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్లో స్థిరపడ్డవాళ్ళలో సగంమందికి నా మీద ఒళ్ళు మండుతుంది. మండాలి కూడా. నేనూ ఆ బాపతే. నా మీద నాకే ఒళ్ళు మండి రాస్తున్నాను.

మొన్న వేసవిలో మా రెడ్డిగూడెం వెళ్ళాను. తెలియనివాళ్ళ కోసం: తిరువూరు డివిజను, 2022కి ముందు కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. చుట్టూ మామిడి తోటలు. నేను వెళ్ళడానికి వారం ముందు గాలివాన కొట్టి కాయంతా రాలిపోయింది. దాంతోపాటే మా బాబాయి ఇంట్లో టీవీ బొమ్మా పోయింది. రాలిన కాయని ఎటూ చెట్టుకి అతికించలేం, కనీసం టీవీ అయినా బాగు చేయించుకుందామని బాబాయి ఫోన్ చేశాడు. ఒక కుర్రాడొచ్చి, "డిష్ చిన్నదండీ, వానకి ఆగదు, పెద్దది వేయించుకోండి" అని తేల్చేశాడు. పెద్ద డిష్ బిగించి, పాత డిష్ ముందున్న చిన్న డబ్బాని, అదే ఎల్‌ఎన్‌బీని, తీసి దీనికి తగిలించి, డబ్బులు పుచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం బొమ్మ కాసేపు వచ్చింది. రాత్రికి మళ్ళీ పోయింది.

"నువ్వు ఇంజనీరువే కదరా, ఓసారి చూడు" అన్నాడు బాబాయి, నేను కాళ్ళు కడుక్కోకముందే.

డాబా ఎక్కాను. ఫోన్లో ఆప్ పెట్టి ఉపగ్రహం ఏ దిక్కున ఉందో చూశాను. డిష్‌ని అటు తిప్పాను, ఇటు తిప్పాను. గంటసేపు చెమటలు కక్కి, ఉన్న కాస్త సిగ్నలూ పోగొట్టి కిందకి దిగాను. పిన్ని మజ్జిగ ఇచ్చింది గానీ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధేసింది.

సాయంత్రం ఒక పెద్దాయన వచ్చాడు. 1990ల్లో ఊళ్ళో కేబుల్ నడిపిన మనిషి. చదువు టెన్త్‌తో ఆపేశాడు. డాబా ఎక్కి డిష్ వంక చూడను కూడా చూడలేదు. నేరుగా ఎల్‌ఎన్‌బీ దగ్గరకెళ్ళి దాని మూతి మీది ప్లాస్టిక్ మూతని గోటితో గీకాడు. ఎండకి పెళుసెక్కి చిట్లిపోయి ఉంది. ఊడదీసి తలకిందులు చేస్తే చెంచాడు నీళ్ళు కారాయి. లోపల కందిరీగలు మట్టితో గూడు కట్టాయి.

"గొడుగు ఎంత పెద్దదైతే ఏం బాబూ, మూతి మూసుకుపోతే!" అన్నాడాయన.

కొత్త ఎల్‌ఎన్‌బీ తెచ్చి పెట్టాడు. ఆ రాత్రి క్రికెట్ మ్యాచి చూశాం. పాత డిష్ ఇప్పుడు పిన్నికి వడియాలు ఆరబెట్టుకునే పళ్ళెం.

నేను ఈసీఈ డిస్టింక్షన్. ఆంటెన్నాలు, తరంగ ప్రసారం అనే పేపర్లో మా తరగతిలో మొదటి పదిమందిలో ఉన్నాను. "హార్న్ ఆంటెన్నా రకాలు వివరింపుము" అనే ప్రశ్నకి ఇప్పుడు నిద్రలో లేపినా సెక్టోరల్, పిరమిడల్, కోనికల్ అని వల్లిస్తాను. అదే హార్న్ నా ముక్కుకి మూరెడు దూరంలో గంటసేపు ఉంటే గుర్తుపట్టలేదు.

ఇందులో ఆ కుర్రాడి తప్పెంత? వాడికి నెలకిన్ని డిష్‌లు బిగించమని చెప్పి పంపిస్తారు, బిగించాడు. నా తప్పు అంతకంటే పెద్దది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ మూతి కథ చెప్పాలి.

డిష్ ఉత్త అద్దం

చూడ్డానికి డిష్షే ఆంటెన్నా అనిపిస్తుంది. కానీ అది ఉత్త అద్దం. టార్చిలైటులో బల్బు చుట్టూ మెరిసే గిన్నె ఉంటుంది చూడండి, ఆ బాపతు. 36,000 కిలోమీటర్ల నుంచి వచ్చిన తరంగాలని పోగేసి ఒక్కచోటికి పంపుతుందంతే. అక్కడ వాటిని పట్టుకుని సర్క్యూట్‌కి అప్పజెప్పేది ఫీడ్ హార్న్. ఎల్‌ఎన్‌బీ మూతి దగ్గర, ప్లాస్టిక్ మూత కింద, బొటనవేలు పట్టేంత గరాటు. అది ఎంత పట్టుకుంటే అంతే మనకి దక్కేది.

గరాటే ఎందుకు? లోహపు గొట్టంలో వెళ్ళే తరంగం గొట్టం చివర ఒక్కసారిగా బయటి గాలిలో పడితే కొంత వెనక్కి తన్నేస్తుంది. సన్నాయి చివర గంటలాగా విచ్చుకుని ఉంటుంది కదా, ఇరుకులోంచి విశాలంలోకి మెల్లగా సాగనంపడానికి. హార్న్ పనీ అదే. ఆంటెన్నా పంపేటప్పుడు ఎలా పనిచేస్తుందో అందుకునేటప్పుడూ అలాగే పనిచేస్తుంది కాబట్టి, పంపుతున్నట్టే ఊహించుకుంటే సులువు. హార్న్ వెలుగు పోస్తుంది, గిన్నె దాన్ని ఆకాశంలోకి తిప్పి కొడుతుంది.

ఇక్కడే అసలు కిటుకు. మా ఊళ్ళో మామిడి మొక్కకి నీళ్ళు పోసే పిల్లవాడికి కూడా తెలిసిన కిటుకు. మొక్క చుట్టూ పాదు చేస్తాం. నీళ్ళు ధాటిగా పోస్తే పాదు గట్టు దాటి పోయి దండగ. భయపడి నడిమధ్య మాత్రమే పోస్తే అంచుల్లో వేళ్ళకి అందదు, పాదు అంత వెడల్పుగా తవ్వి ఏం లాభం? హార్న్ డిష్ మీద పోసే వెలుగూ అంతే. అంచు దాటి చిందితే నష్టం, అంచుదాకా చేరకపోతే ఇంకోరకం నష్టం. రెంటికీ రాజీ ఎక్కడంటే, నడిమధ్య పడేదాంట్లో సుమారు పదోవంతు అంచు మీద పడేటట్టు హార్న్ నోరు కొలవాలి. లోతైన గిన్నెకి వెడల్పుగా పోసే హార్న్, లోతు తక్కువ గిన్నెకి సన్నగా పోసే హార్న్. పాత కేబుల్ రోజుల 12 అడుగుల జాలీ డిష్‌కి హార్న్ దాదాపు 130 డిగ్రీల కోణం నింపాలి. ఇప్పటి డీటీహెచ్ డిష్‌కి 80 డిగ్రీల చుట్టుపక్కల చాలు. దాని గరాటు దీనికి పనికిరాదు.

చిందితే పోయేది బలం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. అందుకునేటప్పుడు గట్టు దాటిన ఆ చూపు వెనకున్న నేల మీద పడుతుంది. నేల వేడి 300 కెల్విన్లు. ఆ వేడి కూడా రేడియో రొదే. హార్న్ చూపులో పదోవంతు నేల మీద పడితే 30 కెల్విన్ల రొద ఊరికే నెత్తిన పడ్డట్టు. చంద్రుడి దగ్గర్నుంచి గుసగుసలు వినే స్టేషన్లలో, రిసీవర్‌ని మంచుకంటే ఎన్నో రెట్లు చల్లబరిచి దాని రొదని ఒక్కో కెల్విన్ చొప్పున తగ్గించుకుంటారు. అక్కడ 30 కెల్విన్లంటే నిండా మునిగినట్టే.

గిన్నెదేముంది?

ఈ మాట తమాషాకి అనట్లేదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా మన దేశంలో సైట్ ప్రయోగం జరిగింది. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి నేరుగా పల్లెలకి టీవీ. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్ళు, అందులో ఆంధ్రప్రదేశ్ ఊళ్ళూ ఉన్నాయి, తెలుగులో కార్యక్రమాలూ ఉన్నాయి. ఆ ఊళ్ళలో పెట్టిన పదడుగుల డిష్‌లు దేంతో చేశారో తెలుసా? కోళ్ళగూటికి వాడే ఇనప జాలీతో. అక్కడి తరంగదైర్ఘ్యం 35 సెంటీమీటర్లు, జాలీ కన్నాలు దానిముందు ఏపాటి! అద్దం కోళ్ళ జాలీతో కూడా అవుతుంది. గరాటు నోటి కొలత తప్పితే మాత్రం ఊరుకోదు.

ఒక లెక్క వేసుకుందాం. మామూలు ఫీడ్ పెడితే డిష్ మీద పడ్డదాంట్లో 55 శాతం పనికొస్తుందనుకోండి. లోపలి గోడకి తరంగదైర్ఘ్యంలో పావు వంతు లోతున గాళ్ళు కోసిన మంచి హార్న్ పెడితే 70 శాతం వస్తుందనుకోండి. ఆ తేడా 32 మీటర్ల డిష్‌ని 36 మీటర్లు చేసినదానికి సమానం. నాలుగు మీటర్ల వెడల్పు పెంచాలంటే ఎంత ఉక్కు, ఎంత పునాది, ఎంత మోటార్లు! గరాటులో గాళ్ళు కోయడానికి లేతు పని తెలిసిన ఒక మనిషి.

ఆ గాళ్ళ హార్న్‌ని 1960లలో అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ కనిపెట్టారు. దాని గొప్ప ఇంకోటుంది. అది పోసే వెలుగు నిలువునా అడ్డంగా ఒకేలా, గుండ్రంగా ఉంటుంది. నిలువు తరంగాలూ అడ్డ తరంగాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోవు. ఒకే ఫ్రీక్వెన్సీలో నిలువుగా ఒక చానల్ గుంపు, అడ్డంగా ఇంకో గుంపు పంపి రెట్టింపు వాడుకుంటున్నామంటే హార్న్ ఆ రెంటినీ విడిగా ఉంచబట్టే.

గరాటు మనకి కొత్తదా అంటే అదీ కాదు. జగదీశ్ చంద్ర బోస్ కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో 1890లలో మిల్లీమీటర్ తరంగాలతో పనిచేస్తూ హార్న్‌లు వాడాడు. 1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్లో వాటిని చూపించాడు. తర్వాత లోకమంతా పొడుగు తరంగాల రేడియో వెంటపడి గరాటుని మర్చిపోయి, మళ్ళీ 1930లలో కనిపెట్టుకుంది.

నాకు బాగా ఇష్టమైన కథ మాత్రం అమెరికాలో హోమ్‌డెల్ అనే చోటుది. ఎకో బెలూన్ ఉపగ్రహం కోసం బెల్ ల్యాబ్స్ వాళ్ళు 1959లో ఒక పెద్ద హార్న్ ఆంటెన్నా కట్టారు. నోరే 20 అడుగులు. నేల రొద చెవిన పడనీకపోవడం దాని ప్రత్యేకత. 1964లో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు దాంతో పనిచేస్తూంటే ఎటు తిప్పినా పోని ఒక చిన్న రొద వచ్చింది. మూడున్నర కెల్విన్లు. వాళ్ళేం చేశారు? హార్న్‌లోకి దూరి చూశారు. పావురాలు గూడు పెట్టాయి. వెళ్ళగొట్టి, రెట్టంతా కడిగారు. అయినా రొద పోలేదు. అది పుట్టినప్పటి విశ్వం మిగిల్చిన వేడి అని తేలింది. 1978లో నోబెల్ వచ్చింది.

వాళ్ళ హార్న్‌లో పావురాలు, మా బాబాయి హార్న్‌లో కందిరీగలు. వాళ్ళు మూతిలోకి తొంగి చూశారు, మేం గొడుగు మార్చాం.

మన పక్కనే ఉన్నది మనకి కనపడదు

ఈసీఐఎల్ పేరు వింటే హైదరాబాదులో ఉన్నవాళ్ళకి బస్సు బోర్డు గుర్తొస్తుంది. ఏఎస్ రావు నగర్ అంటే అపార్ట్‌మెంట్ల రేట్లు గుర్తొస్తాయి. ఆ ఏఎస్ రావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. 1967లో ఈసీఐఎల్‌ని నిలబెట్టినాయన. ఆ సంస్థే 2008లో చంద్రయాన్-1 కోసం బెంగళూరు దగ్గర బ్యాలాలులో 32 మీటర్ల ఆంటెన్నా కట్టింది. అందులో ఫీడ్ గిన్నె ముందు వేలాడదు. అద్దాల మీద అద్దాలు పెట్టి వెలుగుని కింద గదిలోకి దింపుతారు, హార్న్‌లు అక్కడ చల్లగా, పొడిగా, మనిషి చేతికి అందేట్టు ఉంటాయి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగుతుంటే మనమంతా ఆఫీసుల్లో తెరల ముందు చప్పట్లు కొట్టాం. చంద్రుడి దగ్గర్నుంచి వచ్చే మాట వినే పనిలో ఈ బ్యాలాలు గిన్నె కూడా ఉంది.

షాద్‌నగర్లో ఎన్ఆర్ఎస్‌సీ స్టేషన్ 1979 నుంచి ఉపగ్రహాల బొమ్మలు అందుకుంటోంది. అక్కడి ఉపగ్రహం డీటీహెచ్ లాగా ఒకచోట నిలబడదు, పది పదిహేను నిమిషాల్లో ఆకాశం దాటేస్తుంది. అది ఎటు జరుగుతోందో చెప్పేదీ ఫీడే. ఎడమవైపు ఎక్కువ వినపడిందా కుడివైపా, పైనా కిందా అని పోల్చి చూసి మోటార్లకి చెబుతుంది.

ఇవన్నీ హైటెక్ సిటీ నుంచి ఒక్క పూటలో వెళ్ళి రాగల దూరంలో చేసిన పనులు, చేస్తున్న పనులు. మనలో ఎంతమంది ఈసీఈ పట్టాతో ఆ ఊళ్ళోనే పదిహేనేళ్ళు ఉండి ఒక్క హార్న్ చూశాం?

మా కాలేజీ మైక్రోవేవ్ ల్యాబ్‌లో చూశానంటారా? నేనూ చూశాను. ఒక్క బెంచీ, దాని చుట్టూ ఎనిమిదిమందిమి. ముట్టుకోవద్దన్నారు. రీడింగులు సీనియర్ల రికార్డులోంచి దించుకున్నాం. గ్రాఫు ముందే తెలుసు కాబట్టి దానికి తగ్గ చుక్కలు పెట్టాం. సంతకం పడింది. ఇది ఒక్క మా కాలేజీ కథే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. మీ రికార్డు పుస్తకం గుర్తు తెచ్చుకోండి.

మీరేమంటారో నాకు తెలుసు

ఒకటి. "హార్డ్‌వేర్లో జీతాలేవి బాబూ?" నిజమే, సాఫ్ట్‌వేర్ అంత లేవు. ఇల్లు గడవాలని వచ్చినవాణ్ణి తప్పుపట్టే హక్కు నాకు లేదు, నేనూ అందుకే వచ్చాను. కానీ జీతం లేకపోవడం వేరు, చదివిన నాలుగేళ్ళ చదువు చేతికి రాకపోవడం వేరు. మొదటిదానికి మార్కెట్ కారణం. రెండోదానికి మార్కెట్‌ని తిడితే ఎలా?

రెండు. "ఇప్పుడంతా సిమ్యులేషన్, పిల్లలు కంప్యూటర్లోనే హార్న్ డిజైన్ చేస్తున్నారు." చాలా సంతోషం. మీ లాప్‌టాప్‌లో అన్ని టెస్టులూ పాసై ప్రొడక్షన్లో పడిపోయిన కోడ్ ఎప్పుడైనా చూశారా? సిమ్యులేషన్ హార్న్‌లో కందిరీగ గూడు పెట్టదు. మూత చిట్లదు. అతుకు దగ్గర టంకం వదలదు. ఆ మూడూ తెలిసినవాడే ఇంజనీరు, తక్కినవాళ్ళం మౌస్ తిప్పేవాళ్ళం.

మూడు. "హార్న్‌ల కాలం పోయింది, స్టార్‌లింక్ పలకలో హార్న్ లేదు." లేదు, ఒప్పుకున్నాను. అది ఫేజ్డ్ అర్రే. కానీ ఆ ఉపగ్రహాలు ఇంటర్నెట్‌కి కలిసే గేట్‌వే స్టేషన్లలో తెల్ల గోళాల కింద ఉన్నవి గిన్నెలే. పైగా ఆ ఫేజ్డ్ అర్రే సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్ష గదిలో దేంతో కొలుస్తారు? హార్న్‌తోనే. దాని కొలతలు తెలిస్తే దాని గెయిన్ కాగితం మీద లెక్కకట్టొచ్చు, ఆ లెక్క నమ్మొచ్చు. అందుకే మిగతా ఆంటెన్నాలకి అది తూకంరాయి. తూకంరాయికి కాలం చెల్లిందంటే ఎలా సోదరా?

నాలుగు. "కాలేజీల్లో డబ్బుల్లేవు." ఇది మాత్రం పచ్చి అబద్ధం, లేదా పచ్చి బద్ధకం. మా కాలేజీ పూర్వ విద్యార్థుల గుంపులో ఆమధ్య చందాలు పోగేశారు. దేనికి? ముఖద్వారానికి ఆర్చి, రెండు స్మార్ట్ బోర్డులు. నేనూ ఇచ్చాను, సిగ్గులేకుండా. గొడుగు మోజు అంటే ఇదే. పైకి కనపడేది పెద్దగా ఉంటే చాలు, మూతిలో ఏముందో ఎవడికి కావాలి!

అయితే ఏం చెయ్యమంటావ్?

పెద్ద పనులేమీ కాదు. ఇంట్లో పడేసిన పాత ఎల్‌ఎన్‌బీ ఒకటి, సెట్‌టాప్ బాక్సు ఒకటి, డిష్ బిగించేవాళ్ళ దగ్గరుండే సిగ్నల్ మీటరు ఒకటి సంపాదించండి. మీటర్ని మధ్యలో కలపండి. డిష్ అక్కర్లేదు. ఎల్‌ఎన్‌బీ మూతిని ఖాళీ ఆకాశం వైపు పెట్టండి, ముల్లు ఎక్కడుందో చూడండి. ఇప్పుడు మూతిని గోడవైపు తిప్పండి. ముల్లు లేస్తుంది. గోడలో ట్రాన్స్‌మిటర్ లేదు, గోడ వేడిని మీరు రేడియోలో విన్నారు. పైన నేను 300 కెల్విన్లని రాసిందంతా ఆ ముల్లు లేచిన లేపులో ఉంది. రికార్డులోంచి దించుకోడానికి వీల్లేని ప్రయోగం, ఎందుకంటే ప్రతి గోడకీ ముల్లు వేరేచోట ఆగుతుంది.

ఇంకాస్త ఓపికుంటే అట్టముక్కలకి అల్యూమినియం రేకు అంటించి పెద్ద గరాటు చెయ్యండి. 1420 మెగాహెర్ట్జ్‌కి తరంగం 21 సెంటీమీటర్లు, కొలతలు కాస్త అటూ ఇటూ అయినా క్షమిస్తుంది. చిన్న యాంప్లిఫయరు, ఫిల్టరు, యూఎస్‌బీలో పెట్టుకునే ఎస్‌డీఆర్ డాంగిల్. తర్వాత పనంతా పైథాన్, అది మన కులవృత్తేగా! పాలపుంతలోని హైడ్రోజన్ మీ డాబా మీద గ్రాఫులో గడ్డలా లేస్తుంది. చాలా దేశాల్లో విద్యార్థులు చేస్తున్నారు. మన పిల్లలకి చేతులు లేవా?

మీ కాలేజీ నుంచి మళ్ళీ చందా సందేశం వచ్చినప్పుడు ఒక్క షరతు పెట్టండి. ఆర్చికి రూపాయి ఇవ్వను, ప్రతి ఈసీఈ పిల్లా పిల్లాడూ సొంత చేత్తో ఒక రేకు గరాటు చేసి కొలిస్తే దానికి ఎంతైనా ఇస్తాను అని. పదిమంది అంటే హెచ్‌ఓడీ గారు నవ్వుతారు. రెండొందలమంది అంటే పిలిచి మాట్లాడతారు.

నా వంతు నేను మొదలుపెట్టాను. కందిరీగ గూడున్న ఆ ఎల్‌ఎన్‌బీని ఊరినుంచి తెచ్చుకుని నా బల్ల మీద మానిటర్ పక్కన పెట్టుకున్నాను. సంక్రాంతికి రెడ్డిగూడెం వెళ్తున్నాను. ఆ పెద్దాయన్ని తోడు రమ్మని అడిగాను, ఆయన పాత 12 అడుగుల డిష్ ఫీడ్ ఇంకా అటక మీద ఉందట, వేలెడు ముందుకీ వెనక్కీ జరిపితే బొమ్మ ఎలా తేటపడేదో చెబుతానన్నాడు. డాబా మీద బాబాయి మనవళ్ళని, చుట్టుపక్కల పిల్లల్ని పోగేసి గోడ వైపూ ఆకాశం వైపూ మూతి తిప్పి చూపిస్తాం.

పాఠం ఆయనది. మీటరు పట్టుకునే పని నాది.